ముద్ర వేసిన బొమ్మకు రంగులు వేయడం: చేతి గ్రీటింగ్ కార్డులకు సమగ్ర మార్గదర్శి

బతుకమ్మకో, దసరాకో, సంక్రాంతికో స్టాంపుతో బొమ్మ ముద్ర వేసి, రంగులు నింపి ఇంట్లో చేసే కార్డు చెడిపోయినట్టు కనపడేది రంగులు వేసేటప్పుడు. నిజానికి చాలాసార్లు అది అంతకుముందే చెడిపోయి ఉంటుంది. నల్ల గీత కరిగి పసుపు రేకులోకి పాకిందంటే చెయ్యి తిరగక కాదు, ఆ ఇంకుకూ ఆ రంగుకూ పొత్తు కుదరక. కాగితం నూగు లేచి పీచులుగా ఊడిందంటే అది నీళ్లు తట్టుకునే కాగితం కాదు. అందుకే ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాం. ముందు ఏ రంగులు వాడతారో తేల్చుకోండి, దాన్నిబట్టి ఇంకు, ఆ రెండింటినిబట్టి కాగితం. స్టాంపు చేతిలోకి తీసుకునేది ఆ తర్వాతే.

రంగు, ఇంకు, కాగితం

వాటర్ కలర్ వేయాలనుకుంటే ఇంకు ఆరాక నీళ్లకు కదలకూడదు. వెర్సాఫైన్ లాంటి నూనె కలిసిన పిగ్మెంట్ (కరగని రంగుపొడి) ఇంకులు, ఆర్కైవల్ అని అమ్మే ఇంకులు ఇందుకు బాగుంటాయి. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే అంకె) వాటర్ కలర్ పేపరు. అందులోనూ గరుకువి, నున్నవి ఉంటాయి. సన్న గీతల స్టాంపు గరుకు కాగితం మీద తెగిపోయినట్టు పడుతుంది కాబట్టి నున్నటి రకం తీసుకోండి. గీతలు లావుగా ఉన్న స్టాంపులకు గరుకుదే అందం.

రంగును నీళ్లకు బదులు ఆల్కహాల్‌లో కలిపి నింపిన ఆల్కహాల్ మార్కర్లయితే లెక్క తారుమారు అవుతుంది. నీళ్లకు కదలని నూనె ఇంకు ఆల్కహాల్ తగలగానే కరిగి, మార్కర్ మొనను కూడా నల్లగా చేయవచ్చు. గాజు, ప్లాస్టిక్ మీద కూడా పట్టే స్టేజాన్ లాంటి సాల్వెంట్ (థిన్నర్ లాంటి ద్రవంలో కలిపిన) ఇంకులు మార్కర్ల కింద అసలు వద్దు. మెమెంటో లాంటి డై ఇంకు (కరిగే రంగుతో చేసినది) ఇక్కడ నిలబడుతుంది. కాగితం నున్నగా, 200 నుంచి 250 జీఎస్ఎం మందంలో ఉండాలి. ఊళ్లో స్టేషనరీ షాపులో దొరికే ఐవరీ షీటు కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు రంగును దూదిలా పీల్చేసి గీత దాటిస్తుంది. ఒక్క షీటు కొని చూశాకే పది కొనండి.

కలర్ పెన్సిళ్లకు ఇంకు గొడవ తక్కువ, పూర్తిగా ఆరితే చాలు. కానీ మరీ నున్నటి కాగితం మీద పెన్సిల్ జారిపోతుంది, రెండో పూత పట్టదు. 200 జీఎస్ఎం పైనుండే డ్రాయింగ్ కాగితం మేలు. పిల్లల స్కెచ్ పెన్నులు నేరుగా గీస్తే కాగితం నూగు లేస్తుంది. వాటినే వాటర్ కలర్‌లా వాడుకోవచ్చు: ప్లాస్టిక్ కవరు ముక్క మీద కాస్త గీకి, తడి బ్రష్‌తో ఆ రంగు ఎత్తి బొమ్మలో వేయండి. తక్కువ ఖర్చులో మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు.

ఆఫీసుల్లో వాడే ఊదారంగు స్టాంపు ప్యాడు మాత్రం ఏ రకంగానూ పనికిరాదు. నీళ్లకు పాకుతుంది, ఆల్కహాల్‌కు పాకుతుంది, పెన్సిల్ రుద్దినా చెయ్యికి అంటుతుంది. చేతి దగ్గర ఉంది కదా అని దాంతోనే మొదలుపెట్టి, రంగులు వేయడం తమకు రాదనుకుని మానేసేవాళ్లు ఎక్కువ.

కొత్త ఇంకుగానీ కొత్త కాగితంగానీ కొంటే ఒక పట్టీ పరీక్ష చేయండి. రెండంగుళాల వెడల్పు కాగితం పట్టీ మీద ఒకే చిన్న స్టాంపు మూడుసార్లు వేయండి. మొదటి దాని మీద 2 నిమిషాలకు, రెండో దాని మీద 10 నిమిషాలకు, మూడో దాని మీద అరగంటకు తడి బ్రష్‌నో మార్కర్‌నో గీత మీదుగా అటూ ఇటూ నడపండి. ఎక్కడ నలుపు కదలడం ఆగిందో అదే మీ ఇంకు ఆరే సమయం. దాన్ని ప్యాడు మూత మీద రాసి పెట్టుకోండి. మే నెలలో, ఆగస్టులో ఆ అంకె ఒకటే ఉండదు కాబట్టి కాలం మారాక మళ్లీ చూడాలి.

స్టాంపు ఎక్కడ, ఎలాంటిది

ఆన్‌లైన్‌లో దొరికే పారదర్శకమైన క్లియర్ స్టాంపులు యాక్రిలిక్ దిమ్మకు అతికించి వాడేవి. ఎక్కడ పడుతుందో పైనుంచి కనపడుతుంది కాబట్టి కొత్తవాళ్లకు సులువు. కొత్త స్టాంపు మీద కంటికి కనపడని జిడ్డు పొర ఉంటుంది. దానివల్ల ఇంకు చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది. పెన్సిల్ రబ్బరుతో పైపైన రుద్దితే పొర పోయి ఇంకు సమంగా పడుతుంది.

మన బొమ్మలు, అంటే బతుకమ్మ, పాలపిట్ట, తంగేడు కొమ్మ, బయట రెడీమేడ్‌గా దొరకడం కష్టం. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో ఆఫీసు ముద్రలు చేసిచ్చే షాపులకు మీరు గీసిన బొమ్మ ఇచ్చి రబ్బరు స్టాంపు చేయించుకోవచ్చు. ఇచ్చేటప్పుడు రెండు మాటలు స్పష్టంగా చెప్పండి. ఒకటి, లోపల ఇంకు నిండి ఉండే రకం వద్దు, ప్యాడు మీద అద్దుకునే మామూలు పిడి స్టాంపు కావాలి. ఇంకు నిండిన దానిలో మీకు కావలసిన ఇంకు వాడలేరు, ఇంత శ్రమా వృథా. రెండు, బొమ్మ తెల్ల కాగితం మీద చిక్కటి నల్ల గీతలతో ఉండాలి, పెన్సిల్ నీడలు ఉండకూడదు. అర మిల్లీమీటరు కన్నా సన్నగీతలు, మరీ దగ్గర దగ్గరగా ఉన్న గీతలు కలిసిపోతాయి. రంగు వేయడానికి చేసే బొమ్మలో ఖాళీ చోట్లు పెద్దవిగా ఉండాలి. బతుకమ్మ ఒక్కో వరసలో 15 పూలు గీసేకంటే 6 గీయడం మంచిది.

బట్టల మీద అద్దే చెక్క అచ్చులు కూడా కాగితానికి వాడుకోవచ్చు. చెక్క వంగదు కాబట్టి కాగితం కింద నాలుగు మడతల నూలు గుడ్డో, యోగా చాప ముక్కో వేసి అద్దాలి. గట్టి బల్ల మీద అద్దితే సగం గీతలే పడతాయి.

కాగితం కోయడం

కార్డు మీద నేరుగా ముద్ర వేసి రంగు వేయకండి. మార్కర్ వెనక్కి దిగుతుంది, వాటర్ కలర్‌కు కార్డు వంకరపోతుంది, చివర్లో ఒక్క చుక్క పడితే మొత్తం పోతుంది. బొమ్మను వేరే ముక్క మీద వేసి, బాగా వచ్చిన దాన్ని కార్డు మీద అతికించాలి.

ఏ4 షీటును సగానికి కోస్తే రెండు ఏ5 ముక్కలు వస్తాయి. ఒక్కోటి 148 మిల్లీమీటర్లు, 210 మిల్లీమీటర్లు. 210 వైపు సరిగ్గా 105 దగ్గర స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో ఒక గీత నొక్కి, ఆ గీత వెంట మడవండి. గీత నొక్కకుండా మడిస్తే 250 జీఎస్ఎం కాగితం మడత దగ్గర పగిలి తెల్ల పీచు కనపడుతుంది. మడిచాక కార్డు 105 ఇంటూ 148 అవుతుంది. బొమ్మ ముక్క 95 ఇంటూ 138 కోసుకుంటే చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది. ఒక్క కార్డు చేయాలన్నా మూడు ముక్కలు కోయండి, మూడింటి మీదా ముద్ర వేయండి. ఒకటి రంగులు పరీక్షించడానికి, ఒకటి కార్డుకు, ఒకటి చెడిపోతే ఆదుకోవడానికి.

ముద్ర వేయడం

1. ప్యాడును కింద పెట్టి దాని మీద స్టాంపును నొక్కేకంటే, స్టాంపును తలకిందులుగా పట్టుకుని దాని మీద ప్యాడుతో తట్టండి. ఐదారు తేలికైన తట్లు. గట్టిగా నొక్కితే ఇంకు గీతల పక్క సందుల్లోకి దిగి, కాగితం మీద మకిలి పడుతుంది.

2. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. గీతలన్నీ ఒకేలా తడిగా మెరవాలి. అంచులకు అంటిన ఇంకును గుడ్డతో తుడవండి.

3. కాగితం కింద పది పదిహేను వార్తాపత్రిక పొరలు పరిచి, స్టాంపును నిటారుగా దించండి. పెద్ద స్టాంపయితే వేళ్లతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ రండి. ఊపకూడదు, ఒరిగించకూడదు. రెండు గీతలు కనపడేది ఊపడం వల్లే.

4. ఒక చేత్తో కాగితం అదిమి, రెండో చేత్తో నిటారుగా ఎత్తండి.

ముద్ర అక్కడక్కడ పడకపోతే అదే చోట మళ్లీ వేయడానికి పాత సీడీ డబ్బా పనికొస్తుంది. లోపలి ట్రే తీసేసి, అడుగున అట్టముక్కలు పేర్చి, వాటిపై కాగితాన్ని ఒక మూలకు ఆనించి టేపు వేయండి. క్లియర్ స్టాంపును పారదర్శకమైన మూతకు లోపలి వైపు అంటించి మూత వేస్తే ముద్ర పడుతుంది. మూత మూసినప్పుడు స్టాంపు కాగితాన్ని సమంగా తాకేదాకా అట్టల ఎత్తు సరిచూసుకోండి. తక్కువ పడితే ఇంకు మళ్లీ తట్టి మూత మళ్లీ వేయండి. కాగితం, స్టాంపు రెండూ కదలలేదు కాబట్టి రెండో ముద్ర మొదటి దాని మీదే పడుతుంది.

పనయ్యాక క్లియర్ స్టాంపును సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. థిన్నర్, సాల్వెంట్ క్లీనర్లు దాన్ని పాడుచేస్తాయి.

వెలుగు ఎటునుంచి

రంగు తీయకముందే ముక్క అంచున పెన్సిల్‌తో చిన్న బాణం గీయండి: వెలుగు పై ఎడమ నుంచి వస్తోంది. ఇక బొమ్మలో ప్రతి వస్తువుకూ ఎడమ పైభాగం లేత, కుడి కిందిభాగం ముదురు. పువ్వుకు ఒకవైపు, ఆకుకు ఇంకోవైపు నీడ పడితే చూసేవాళ్లకు తప్పేమిటో తెలియదు, ఏదో తేడా ఉందని మాత్రం అనిపిస్తుంది. వెలుగు పడే చోట కొద్దిగా తెల్ల కాగితాన్నే వదిలేయడం అన్నిటికన్నా మంచి మెరుపు. తర్వాత తెల్ల జెల్ పెన్నుతో పెట్టే చుక్క దానికి సాటిరాదు.

నీడకు నలుపు కలపడం చాలామంది చేసే పొరపాటు. పసుపులో నలుపు కలిస్తే ఆకుపచ్చ మురికి వస్తుంది. పసుపుకు నీడ నారింజ, ఆ తర్వాత ఇటుక గోధుమరంగు. ఎరుపుకు నీడ వంకాయరంగు కలిసిన ముదురు ఎరుపు. ఆకుపచ్చకు ముదురు నీలం కలిపిన పచ్చ. తెల్ల పువ్వుకు నీడ బూడిద కలిసిన లేత ఊదా, అదీ పువ్వులో పావు వంతు మేర మాత్రమే.

వాటర్ కలర్‌తో బతుకమ్మ

బతుకమ్మ స్టాంపు వాటర్ కలర్‌కు చక్కగా కుదురుతుంది, ఎందుకంటే వరసలు వరసలుగా ఉంటుంది. ఇబ్బంది కూడా అక్కడే: పక్కపక్క వరసలు తడిగా ఉంటే ఒకదాని రంగు ఇంకోదాంట్లోకి పాకుతుంది.

కాగితం ముక్కను నాలుగు వైపులా పేపర్ టేపుతో గట్టి అట్టకు అంటించండి. 2వ నంబరు, 4వ నంబరు గుండ్రటి బ్రష్‌లు చాలు. రెండు గ్లాసుల నీళ్లు పెట్టుకోండి, ఒకటి కడగడానికి, ఒకటి శుభ్రమైనది. గ్లాసు అడుగున తెల్లగా పేరుకునేంత గట్టి బోరు నీళ్లయితే శుభ్రమైన గ్లాసులో ఫిల్టర్ నీళ్లు పోయండి. ముదురు రంగుల మీద ఆ తెల్లదనం తేలకుండా ఉంటుంది.

కింది నుంచి లెక్కపెట్టి 1, 3, 5 వరసలు ముందు వేయండి. అవి ఆరాక 2, 4. ఇది ఒక్కటి పాటిస్తే సగం కష్టం పోతుంది. కింద సిబ్బి మీద పరిచిన ఆకులకు పచ్చ. మొదటి వరస తంగేడు, చిక్కటి పసుపు. దానిపైన గునుగు. అసలు గునుగు వెండి తెలుపు, కొసన గులాబీ ఛాయ. బతుకమ్మలో దాన్ని రంగుల్లో ముంచి కూడా పేరుస్తారు కాబట్టి గులాబీనో నీలమో మీ ఇష్టం. ఆపైన బంతి, నారింజ. ఒక లేత వరస పక్కన ఒక ముదురు వరస వచ్చేలా చూసుకోండి. పసుపు మీద నారింజ, దానిమీద ఎరుపు పేరిస్తే దూరం నుంచి వరసలన్నీ కలిసిపోతాయి. ఒక తెల్లటి గునుగు వరస మధ్యలో వదిలితే మిగతావన్నీ లేచి కనపడతాయి.

ఒక్కో వరసకు పద్ధతి ఇది. ముందు లేత రంగు పలచగా, ఎడమ నుంచి కుడికి వేయండి. అది ఇంకా తడిగా మెరుస్తుండగానే కుడివైపు మూడో వంతులో ముదురు రంగు బ్రష్ కొసతో తాకించండి. అది తనంతట తానే ఎడమకు పాకి మెత్తగా కలుస్తుంది. మళ్లీ మళ్లీ రుద్దకండి. మెరుపు పోయి కాగితం సగం ఆరిన దశలో బ్రష్ పెడితే, కొత్త తడి పాత రంగును అంచులకు తోసి, కాలీఫ్లవర్ అంచులాంటి మరక చేస్తుంది. ఆ దశలో చేయవలసిన పని ఒక్కటే, చేతులు కట్టుకుని కూర్చోవడం.

ఒక్కో పువ్వుకు విడివిడిగా నీడ వేయాలన్న కోరిక కలుగుతుంది. వేయకండి. బతుకమ్మ మొత్తం ఒక్క గోపురం. కుడివైపు అన్ని వరసలూ ముదురైతేనే గుండ్రంగా కనపడుతుంది. పువ్వుపువ్వుకూ నీడ వేస్తే బల్లపరుపుగా, పూల దుప్పటిలా అయిపోతుంది. అంతా ఆరాక, పై వరస కింది వరసను తాకే గీత వెంట సన్నటి ముదురు గోధుమ గీత ఒకటి వేయండి. దాంతో వరసలు విడివిడిగా నిలుస్తాయి. ఆరాక రంగు తడిలో కనపడినదానికన్నా వెలిసినట్టుంటుంది. అందుకని మొదటి పూత ఆరాక చూసి, కావాలంటే రెండోది.

ఆల్కహాల్ మార్కర్లతో పాలపిట్ట

దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమని మన దగ్గర నమ్మకం, తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. దసరా కార్డుకు ఇంతకన్నా తగిన బొమ్మ ఉండదు. కాకపోతే పాలపిట్టను మొత్తం నీలంగా వేసేస్తుంటారు. కొమ్మ మీద కూర్చున్నప్పుడు దాని వీపు మట్టిరంగులోనే ఉంటుంది. నడినెత్తి మాత్రం పచ్చ కలిసిన నీలం. గొంతు, రొమ్ము ఊదా కలిసిన గోధుమరంగు, దాని మీద లేత చారలు. రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టీలు రెక్క విప్పినప్పుడే పూర్తిగా కనపడతాయి. కాబట్టి కూర్చున్న పిట్టయితే నీలాన్ని రెక్క అంచుకు, తోకకు, నెత్తికి ఉంచి, మిగతాది గోధుమరంగులో వేయండి. ఆ గోధుమరంగు పక్కనే నీలం మెరుస్తుంది.

ప్రతి రంగుకూ మూడు మార్కర్లు కావాలి, లేత, నడిమి, ముదురు. మూడూ ఒకే రంగు కుటుంబంలోవి అయి ఉండాలి. క్రమం: ముందు లేతదాంతో ఆ భాగం మొత్తం నింపండి. అది తడిగా ఉండగానే నీడ చోట ముదురు. ముదురు అంచు మీదుగా నడిమిది, సగం ముదురు మీద, సగం లేత మీద పడేలా. చివరికి లేతదాంతో నడిమి అంచు మీద మళ్లీ ఒకసారి. ఈ చివరి పూతే కలుపుతుంది. ఆల్కహాల్ తొందరగా ఆవిరవుతుంది కాబట్టి ఒక్కో చిన్న భాగం పూర్తిచేసి తర్వాతి దానికి వెళ్లండి. నెత్తి, రొమ్ము, వీపు మూడూ లేతదాంతో నింపి వెనక్కి వస్తే మొదటిది ఆరిపోయి, ముదురు రంగు అంచు గీతలా నిలిచిపోతుంది.

గీతకు తాకేదాకా నింపకండి. మార్కర్ రంగు మొన ఎత్తాక కూడా కాస్త పాకుతుంది, ఒక మిల్లీమీటరు ముందే ఆగితే అదే వెళ్లి గీతను చేరుతుంది. ఒకే చోట మొన ఆనించి ఆలోచిస్తూ కూర్చుంటే మడుగు కట్టి గీత దాటుతుంది. రంగు దాటితే రంగులేని బ్లెండర్ మార్కర్‌తో బయటి నుంచి లోపలికి తోయండి. లోపలి నుంచి మొదలుపెడితే ఇంకా బయటికి పోతుంది.

రొమ్ము మీది లేత చారలు మార్కర్‌తో రావు. మార్కర్ పూర్తిగా ఆరాక లేత రంగు పెన్సిల్‌తో సన్నగా లాగండి. ఈ వరస మార్చకూడదు: ముందు మార్కర్, తర్వాత పెన్సిల్. పెన్సిల్ మైనం మీద మార్కర్ నడిపితే మొన మూసుకుపోతుంది.

పెన్సిళ్లతో తంగేడు

తంగేడు పువ్వుకు ఐదు రేకులు, మధ్యలో గోధుమరంగు కేసరాలు. నిమ్మపసుపు పెన్సిల్‌ను బాగా చెక్కి, బరువు పెట్టకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతూ మొదటి పూత వేయండి. దానిపై బంగారు పసుపు, రేకు అడుగు నుంచి సగం దాకా. ఆపైన నారింజ, అడుగున మూడో వంతు. చివరికి ఇటుకరంగు కేసరాల చుట్టూ. మొదటే గట్టిగా నొక్కితే కాగితం గరుకుదనమంతా పెన్సిల్ మైనంతో నిండి, తర్వాతి పూతలు జారిపోతాయి. గట్టిగా నొక్కేది ఒక్క చివరి పూతకే. మైనం పెన్సిళ్లతో బరువుగా వేసిన ముదురు రంగుల మీద కొన్ని రోజులకు బూజులాంటి తెల్లపొర రావచ్చు. అది మైనమే, మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. పాలీక్రోమోస్ లాంటి నూనె రకం పెన్సిళ్లకు ఈ బాధ లేదు. రంగు కలవడానికి కొబ్బరి నూనె రాస్తే కాగితం మీద జిడ్డు మరక మిగులుతుంది. కాగితం చుట్టి చేసిన మొనతో పొడిగా రుద్దడమే నయం.

పోచంపల్లి ఇక్కత్ నమూనాతో అంచు ముద్రలు వేసేవాళ్లకు ఒక మాట. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి ఆకారాల అంచులు పదునుగా ఉండవు, కొద్దిగా చెదిరినట్టుంటాయి. గీతల లోపల నున్నగా నింపితే ఆ అందం పోతుంది. వాటర్ కలర్ పెన్సిల్‌తో నింపి, తడి బ్రష్‌తో నూలు దిశలో ఒక్కసారి గీత బయటికి లాగండి. ఇక్కడ రంగు గీత దాటాలి.

పొడితో ఉబ్బెత్తు గీతలు

చెయ్యి ఇంకా కుదరని వాళ్లకు, పిల్లలకు, వాటర్ కలర్‌లో ఇది చాలా అనుకూలం. జిగురుగా ఉండే ఎంబాసింగ్ ఇంకుతో ముద్ర వేసి, తడిగా ఉండగానే ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలినది దులిపి, వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కరిగిస్తే గీత గట్టుకట్టినట్టు లేస్తుంది. నీళ్ల రంగు ఆ గట్టు దాటదు.

ముద్ర వేసేముందు కాగితాన్ని ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు ఉన్న చిన్న గుడ్డమూటతో ఒకసారి తుడవండి. లేదంటే చేతి తడికి పొడి అక్కడక్కడ అంటి, కరిగాక చుక్కలు మిగులుతాయి. హెయిర్ డ్రయర్‌తో ప్రయత్నించవద్దు. దాని వేడి చాలదు, గాలి మాత్రం పొడిని ఎగరగొడుతుంది. హీట్ గన్‌ను మూడు నాలుగు అంగుళాల దూరంలో కదిలిస్తూ పట్టండి. పొడి మెరిసిన క్షణం పక్కకు జరగండి. ఎక్కువ సేపు కాలిస్తే పొడి కాగితంలోకి ఇంకి, చదునుగా నూనె మరకలా అవుతుంది. కాగితాన్ని చేత్తో కాక పట్టకారుతో పట్టుకోండి.

ఎండ, కూలర్, వాన

నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల ఎండాకాలానికి తగ్గట్టు పని మార్చుకోవాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో సీలింగ్ ఫ్యాను కింద వాటర్ కలర్ పూత వరస చివరికి చేరేలోపే మొదలు ఆరిపోతుంది, మధ్యలో గట్టి అంచులు నిలుస్తాయి. పొద్దున్నే వేయండి, ఫ్యాను ఆపండి, రంగు వేయబోయే చోట ముందు ఉత్త నీళ్ల పూత ఒకటి వేసి దాని మీద రంగు దించండి. కూలర్ ఎదురుగా కూర్చుంటే కథ ఇంకో రకం: తేమగాలికి కాగితం ఉబ్బుతుంది, పిగ్మెంట్ ఇంకు ఆరడం ఆలస్యమవుతుంది. ఆరిన ముక్కలను మేడ మీద ఎండలో పెట్టకండి, వంకర తిరుగుతాయి. తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు ఉంచండి.

డై ఇంకు ప్యాడులను తలకిందులుగా దాచితే ఇంకు పైకి చేరి ఉంటుంది. రెండు మొనలున్న మార్కర్లను పడుకోబెట్టి ఉంచాలి. క్లియర్ స్టాంపులు ఎండ తగిలితే పచ్చబడి జిగటగా అవుతాయి, కిటికీ దగ్గర వద్దు. వానాకాలంలో కాగితాలను ప్లాస్టిక్ డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలతో కలిపి పెట్టండి.

చెడిపోతే

గీత అక్కడక్కడ పడకపోతే, నీళ్లకు కరగని నల్ల ఇంకు ఉన్న, 0.1 అని రాసి ఉండే సన్న మొన పెన్నుతో అతికించండి. మార్కర్లు వాడబోతుంటే ఆ పెన్ను ఆల్కహాల్‌కు కరగదని పట్టీ మీద చూశాకే. 300 జీఎస్ఎం కాగితం మీద పడిన చిన్న నల్ల చుక్కను కొత్త బ్లేడు మొనతో పైపైన గీకి తీయవచ్చు, గీకిన చోట మళ్లీ తడి తగలకూడదు. చుట్టూ ఉన్న ఖాళీ అంతా పాడై బొమ్మ మాత్రం బాగుంటే, బొమ్మ చుట్టూ 2 మిల్లీమీటర్ల తెల్ల అంచు వదిలి కత్తెరతో కత్తిరించి, కొత్త ముక్క మీద అంటించండి. కత్తెరను కదల్చకుండా కాగితాన్ని తిప్పితే వంపులు నున్నగా వస్తాయి.

అతికించడం, పంపడం

బొమ్మ ముక్కను రెండు వైపులా అంటే టేపుతో అతికించండి. నీళ్లలాంటి జిగురుకు ముక్క ముడతలు పడుతుంది. కత్తిరించిన బొమ్మ లేచి కనపడాలంటే కింద ఫోమ్ టేపు ముక్కలు పెట్టండి. పోస్టులో వెళ్లే కార్డుకు ఒక పొర చాలు, ఎక్కువైతే కవరు మీద పడే ముద్ర దెబ్బకు బొమ్మ అణుగుతుంది.

బరువు కూడా ముందే లెక్కకట్టవచ్చు. 250 జీఎస్ఎం ఏ5 కార్డు దాదాపు 7.8 గ్రాములు, 300 జీఎస్ఎం బొమ్మ ముక్క దాదాపు 3.9 గ్రాములు. కవరు నాలుగైదు గ్రాములు ఉంటుంది. మొత్తం 17 గ్రాముల లోపే. సాధారణ ఉత్తరానికి పోస్టులో మొదటి బరువు మెట్టు 20 గ్రాములు కాబట్టి ఫోమ్ టేపుకు, ఒక చిన్న రిబ్బనుకు చోటుంది. పూసలు, అద్దాలు కుడితే దాటుతుంది. అప్పుడు పోస్టాఫీసులో తూకం వేయించి తపాలా బిళ్లలు అంటించండి, లేకపోతే అందుకునేవాళ్లు అదనంగా డబ్బులు కట్టాల్సి రావచ్చు. 105 ఇంటూ 148 కార్డుకు 114 ఇంటూ 162 మిల్లీమీటర్ల కవరు సరిపోతుంది. చిరునామా రాయడం కార్డు కవరులో పెట్టకముందే పూర్తిచేయండి, పైనుంచి బాల్ పెన్ను నొక్కితే ఆ అక్షరాలు లోపలి బొమ్మ మీద గాట్లుగా పడతాయి.